స్కోపు పెట్టె మీది ఏకపాదానికి టీకా తాత్పర్యం

మూలము: 5-25×56 ఎఫ్ఎఫ్‌పీ 34 ఎంఎం 0.1 మిల్

అవతారిక: దూరపు గురికి రైఫిలు మీద బిగించే దుర్భిణి పెట్టె మీద అచ్చయిన ఏకపాదమిది. కర్త లేడు, క్రియ లేదు. అయినా 1907 నుంచి అమెరికా జాతీయ పోటీలు జరుగుతున్న క్యాంప్ పెర్రీలో, ఓహైయోలో ఈరీ సరస్సు ఒడ్డున బోర్లా పడుకున్న ఏ ప్రౌఢుణ్ణి అడిగినా కంఠస్థంగా అప్పజెబుతాడు. అర్థం అడిగితేనే తలొక మాట.

ప్రతిపదార్థము: 5-25× = అయిదు మొదలు ఇరవై అయిదింతల దాకా పెద్దచేసి చూపునట్టియు; 56 = అన్ని మిల్లీమీటర్ల ముందు కటకము గలదియు; ఎఫ్ఎఫ్‌పీ = మొదటి నాభితలమునందు గీతలు గలదియు; 34 ఎంఎం = అంత లావు గొట్టము గలదియు; 0.1 మిల్ = గుబ్బ టిక్కుమనినంతనే మిల్లులో పదోవంతు జరుగునదియు (అగు స్కోపు).

తాత్పర్యము: ఖరీదైనది.

విశేషములు: కొత్తవాడు 25ను చూసే డబ్బు కడతాడు. ఎండెక్కి నేలమీది గాలి మరిగేసరికి ఆ 25లో లక్ష్యం నీటి అడుగున కాసులా ఊగుతుంది. అప్పుడు వలయం వెనక్కి తిప్పి 15కో 18కో దిగివస్తాడు. పైగా 56ను 25తో భాగించి చూడండి. కంటికి చేరే వెలుగు వెడల్పు 2.24 మిల్లీమీటర్లు. 5 దగ్గర అదే 11.2. ఒకే పాదంలోని పదాలు ఇలా ఒకదాన్నొకటి కోసుకుంటాయి. 34 కూడా వెలుగు కోసమేనని వాడుక. కాదు, లోపలి గొట్టం పైకీ కిందికీ జరగడానికి చోటు కోసం.

ఎఫ్ఎఫ్‌పీ వల్ల బొమ్మతోపాటు గీతలూ పెరుగుతాయి గనుక ఏ ఇంతల దగ్గరైనా కొలత చెల్లుతుంది. రెండో తలమైతే ఏదో ఒక్క ఇంత దగ్గరే చెల్లుతుంది.

‘0.1 మిల్’కు ‘పావు ఎంఓఏ’ అని పాఠాంతరం. మిల్లు అంటే దూరంలో వెయ్యో వంతు; దాని పదోవంతు 100 మీటర్ల దగ్గర ఒక సెంటీమీటరు. ఎంఓఏ డిగ్రీలో 60వ వంతు; 1000 గజాల దగ్గర 10.47 అంగుళాలు. ఈ రెండు శాఖలవారిదీ శైవవైష్ణవుల తగవు. గీతలు మిల్లులో, గుబ్బలు ఎంఓఏలో ఉన్న పాత స్కోపులూ ఉన్నాయి. మణిప్రవాళం కావ్యానికి చెల్లింది గానీ గురికి చెల్లదు.

అధ్యాహారము: ఇక మూలంలో లేని మాట. స్కోపును రైఫిలుకు బిగించే పట్టా, రింగులు. సాధారణంగా పెట్టెలోనూ ఉండవు. పట్టా కొలతలను న్యూజెర్సీలోని పికటినీ ఆయుధశాల పేరుతో అమెరికా సైన్యం 1995లో స్థిరపరచింది. దాని అవసరం ఇదీ: 100 గజాలకు సరిచేసిన .308 తూటాకు 1000 గజాల దగ్గర సుమారు 36 నుంచి 40 ఎంఓఏ ఎత్తు కావాలి. మొత్తం జరుగుబాటు 60 ఉన్న బీద స్కోపును తిన్నగా బిగిస్తే పైకి మిగిలేది 30. అందుకని వెనక వైపు 20 ఎంఓఏ ఎత్తుగా చెక్కిన పట్టా వేస్తారు. చూపు కిందికి వాలుతుంది, రైఫిలు గొట్టం పైకి లేస్తుంది. మత్స్యయంత్రం కొట్టినవాడికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

రింగులలో స్కోపు ఒరగకూడదు. దూరాన దారానికి గుండు కట్టి వేలాడదీసి, రైఫిలును మట్టం చేసి, నిలువు గీతను ఆ దారానికి కలపాలి. 3 డిగ్రీల వాలు కంటికి ఆనదు. ఎత్తు మీటిన తరవాత ఆ వాలే 1000 గజాల దగ్గర తూటాను సుమారు 20 అంగుళాలు పక్కకు తోస్తుంది. ఎఫ్-క్లాస్ అనే దూరపు గురి పోటీ లక్ష్యంలో పది పాయింట్ల వలయం మొత్తం వెడల్పే 10 అంగుళాలు.

రింగు మరలకు 15 నుంచి 18 అంగుళం-పౌన్ల బిగువు చాలన్నది తరచు వినబడే మాట. తయారీదారు చెప్పినదే ప్రమాణం. కొలిచే పానా లేనివాడు ‘ఇంకొక్క చుట్టు’ అంటాడు, గొట్టం నొక్కుకుపోతుంది.

కన్నుకూ వెనక కటకానికీ మధ్య సుమారు 9 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. కాల్చే భంగిమలో పడుకుని, కళ్లు మూసి చెంప ఆన్చి, తెరిచిన క్షణాన నల్లనీడ లేని నిండు వృత్తం కనబడేదాకా స్కోపును ముందుకూ వెనక్కూ జరపాలి. టీకాకర్త మాత్రం బల్ల దగ్గర నిలబడి బిగించాడు. పడుకుంటే మెడ ముందుకు సాగుతుందని తోచలేదు. మొదటి తూటాకే కుడి కనుబొమ్మ మీద నెలవంక వెలిసింది. నాటినుంచి మిల్లా, ఎంఓఏనా అని శాఖ అడిగినవారికి శైవమనే చెబుతున్నాడు.