రెండు పెగ్గుల సలహా

ఆ రాత్రుల్లో మా బావ గ్లాసులో మందు పోసింది నేనే. ముందు ఇది చెప్పేస్తే మిగతాది చెప్పడం సులువవుతుంది.

బావ ఫిరంగి దళంలో గన్నరు. గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్లో ట్రైనింగు, 1999లో ద్రాస్ దగ్గర బోఫోర్స్ మీద డ్యూటీ. కార్గిల్ యుద్ధంలో మన ఫిరంగులు రెండున్నర లక్షల గుళ్లకు పైగా పేల్చాయంటారు. ఆ లెక్క నాకు కంఠతా వచ్చు. కొడవలూరు సెంటర్లో టీ కొట్టు దగ్గర ఎవరు దొరికినా, అవన్నీ మా బావ ఒక్కడే పేల్చినట్టు చెప్పేవాణ్ణి. ఆయన పక్కనే గోడకి వీపు ఆనించి, రోడ్డువైపు చూస్తా కూచునేవాడు. ఎప్పుడూ అదే చోటు. వెనక మనిషి మసిలితే ఆయనకి టీ గొంతు దిగదని పదిహేనేళ్లలో నాకు ఒక్కసారీ తట్టలేదు.

ఊళ్లో మిలట్రీ మనిషి ఉంటే మన సొంత ఆస్తి అనుకుంటాం గదా. ఆగస్టు 15కి మెడల్స్ పెట్టించి బడి దగ్గర నిలబెడతాం. క్యాంటీన్ సరుకు ఎప్పుడొస్తుందని అడుగుతాం. రాత్రి నిద్రపోయావా అని మాత్రం అడగం. అక్క ఒకసారి వాపోయింది: "తెల్లార్లూ తలుపు గడియ చూసుకుంటా తిరగతన్నాడ్రా." నేను పెద్ద డాక్టరు మాదిరి, "ఇంకో రెండు పెగ్గులు వేసుకోమను, అదే పడుతుంది" అన్నా. అనడమే కాదు, దగ్గరుండి పోశా. మందు నిద్రని ముక్కలు చేస్తుంది, దిగులున్న మనిషిని ఇంకా లోతుకి తోస్తుంది. ఈ మాట తర్వాత డాక్టరు చెపితే విన్నా.

2023 దీపావళి. వీధిలో పిల్లల ముందు గొప్పకి పోయాను. లక్ష్మీబాంబు తెచ్చి, "బోఫోర్స్ పేల్చినోడికి ఇదెంత!" అంటా బావ వెనకాలే పెట్టి అంటించా. పేలింది. బావ నా కొడుకుని లాక్కుని నేల మీద పడి, వాణ్ణి ఒంటితో కప్పేశాడు. పిల్లోడు ఏడుస్తన్నాడు, ఆయన లేవడం లేదు, వీధంతా చూస్తోంది, ఎవరో నవ్వారు. ఎవరో కాదు. ముందు నవ్వింది నేనే.

ఆ తర్వాత బావ టీ కొట్టుకి రావడం మానేశాడు. పెన్షన్ కాగితాలు, బ్యాంకు పుస్తకాలు అక్క ముందు పరిచి ఒక్కొక్కటే వివరించాడంట. బాధ్యత పెరిగిందని మేమిద్దరం సంబరపడ్డాం.

ఒక రాత్రి రెండింటికి ఫోను. "ఊరికే చేశా అబ్బయ్యా" అన్నాడు. రాత్రి రెండింటికి ఎవరైనా ఊరికే చేస్తారా? నేను ధైర్యం చెప్పడానికి దిగాను. 2020లో గల్వాన్‌లో ప్రాణమిచ్చిన సూర్యాపేట కర్నల్ సంతోష్‌బాబు గురించి చెప్పా. "నీలాంటోడే డీలా పడితే ఎట్టా బావా" అన్నా. పది నిమిషాలు నేనే మాట్లాడా. "సరేలే, పడుకో" అని పెట్టేశాడు.

పడుకుంటే నిద్ర రాలేదు. 2022లో పార్లమెంటులో చెప్పిన లెక్కొకటి పేపర్లో చదివుంటిని. ఐదేళ్లలో త్రివిధ దళాల్లో 819 మంది తమ ప్రాణం తామే తీసుకున్నారు, అందులో 642 మంది ఆర్మీవాళ్లు. చదివి క్రికెట్ పేజీ తిప్పేశా. అది ఉద్యోగంలో ఉన్నవాళ్ల లెక్కే. ఇంటికొచ్చేసినవాళ్లు అందులో లేరు.

బండి తీసుకుని పోయా. బావ అరుగు మీద ఒక్కడే ఉన్నాడు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తానేమోనని గుండె దడదడలాడింది. అయినా అడిగేశా: "బావా, చచ్చిపోవాలనిపిస్తందా?"

"అవున్రా" అన్నాడు. ఆ మాట బయటికొచ్చాకే ఏడ్చాడు.

తెల్లారేదాకా పక్కనే ఉన్నా. అరుగు మీద నుంచే 14416కి చేశాం, మనసు బాగోలేనివాళ్ల కోసం సర్కారు నడిపే టెలి మానస్ అది. రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడారు. 2023 డిసెంబరులో పుణె సైనిక వైద్య కళాశాలలో ఫౌజీల కోసమే దీనికి ప్రత్యేక విభాగం పెట్టారని తర్వాత తెలిసింది. మాజీ సైనికుల వైద్య పథకం కింద నెల్లూరులో చూపించుకున్నాం. డాక్టరు మెడల్స్ సంగతి ఎత్తలేదు. ఇంట్లో తుపాకీ ఉందా అనడిగాడు. ఉంది, రిటైరయ్యాక బ్యాంకు సెక్యూరిటీ పని కోసం తీసుకున్నది. ఆ రోజే స్టేషన్లో అప్పజెప్పాం. వియత్నాం నుంచి తిరిగొచ్చినవాళ్లని చూసిన మీదట 1980లో అమెరికా వైద్యులు, యుద్ధం మనసులో మిగిల్చే ఈ జబ్బుకి పేరు పెట్టారంట. మందులున్నాయి, మాటలతో చేసే వైద్యం ఉంది, కాస్త కాలం పడుతుందన్నాడు. గ్లాసు మాత్రం వెంటనే ఆపమన్నాడు. ఆ మాట బావతో అంటే, తల దించుకుంది నేను.

మొన్న దీపావళికి ఊళ్లో ఉండలేదు. తెలిసినవాళ్ల రొయ్యల గుంటల దగ్గరికి పోయి కట్ట మీద కూచున్నాం. ఏరియేటర్లు తిరిగే హోరులో ఊరి చప్పుడు వినపడదు. ద్రాస్‌లో తన గన్ను మీద గుళ్లెత్తిన కుర్రాడి గురించి బావ మొదటిసారి చెప్పాడు. ఆవకాయ అంటే ప్రాణమంట వాడికి. ఎట్టా పోయాడని నా నోటిదాకా వచ్చింది. మింగేశా.

చాలాసేపటికి, "ఏం మాట్లాడవేంది అబ్బయ్యా?" అన్నాడు.

"వింటన్నా బావా" అన్నా.