అత్త అడ్రసు దొరకదు

మొన్న బుధవారం పొద్దున్నే మా అపార్ట్‌మెంటు గేటు దగ్గర ఒక నల్ల కవరుకు పంచనామా జరిగింది. చెత్త కవరు. మూతి గట్టిగా ముడేసి, రాత్రికి రాత్రి ఎవరో 102 గారి కిటికీ కింద వదిలేసి పోయారు. ఆయన చేతికి క్యారీబ్యాగు తొడుక్కుని, ముక్కుకు తువ్వాలు చుట్టుకుని, వాచ్‌మన్‌ను సాక్షిగా నిలబెట్టి ముడి విప్పారు. మునక్కాడల పిప్పి, టీపొడి, అరటితొక్కలు, రెండు పాల ప్యాకెట్లు. అడుగున దొరికింది అసలు ఆధారం. నలిగిన కొరియర్ కవరు. పేరు దగ్గర సాంబారు పడి చెరిగిపోయింది గానీ ఫ్లాట్ నంబరు భేషుగ్గా ఉంది. 202.

మా దగ్గర మనుషులను ఫ్లాట్ నంబర్లతోనే పిలుచుకుంటాం. సైదాబాద్ కదా, కూతవేటు దూరంలో చంచల్‌గూడ జైలు ఉంది, ఆ గాలి సోకిందని 301 వెటకారం. నా నంబరు 201.

202 మేడమ్‌ను కిందికి పిలిపించారు. ఆవిడ టీచరు. తప్పు ఒప్పించడమే గానీ ఒప్పుకోవడం అలవాటు లేని వృత్తి.

"కవరు నాదే అంకుల్. నేను మెట్ల పక్కన పెట్టాను. కుక్క లాక్కొచ్చి మీ కిటికీ కింద పడేసి ఉంటుంది."

"ముడి విప్పకుండానే?"

"ఆకలి లేదేమో!"

అక్కణ్నుంచి వ్యవహారం చెత్త దాటిపోయింది. ఐదున్నరకే మోటారు వేసి అందరి నిద్ర చెడగొట్టేదెవరు, ఎవరి స్కూటరు ఎవరి గీత దాటింది, లిఫ్టులో పాన్ మరక ఎవరి చుట్టాలది, ఇలా ముప్పావుగంట. ఇంత విచారణలోనూ ఒక్క ప్రశ్న మాత్రం ఎవరికీ తోచలేదు. నాలుగు రోజులుగా చెత్త ఆటో ఎందుకు రాలేదు?

గురువారం ఆటో వచ్చింది. అందరూ ఒక్కసారిగా మీదపడితే అతను విజిల్ నోట్లోంచి తీసి నెమ్మదిగా చెప్పాడు. "బండి షెడ్డుల ఉండె సార్. క్లచ్ ప్లేటు వోయింది. మీకు నాల్గు దినాలు వాసనొచ్చింది. నాకు నాల్గు దినాలు పైసల్ రాలే."

అందరం గతుక్కుమన్నాం. అప్పుడు గుర్తొచ్చింది, ఆ ఆటోకు యజమాని అతనే. 2015లో స్వచ్ఛ హైదరాబాద్ పేరిట జీహెచ్ఎంసీ ఈ ఆటోలను తెచ్చినప్పుడు పథకమే అది. డ్రైవరే ఓనరు. బండి మీద బ్యాంకు అప్పు, కిస్తీ, ఇంటింటికీ తిరిగి నెలనెలా వసూలు చేసుకునే డబ్బు. అప్పుడే ఇంటికి రెండు చొప్పున 44 లక్షల బుట్టలు కూడా పంచారు. తడి చెత్తకు ఆకుపచ్చది, పొడి చెత్తకు నీలం. మా ఇంట్లో ఆకుపచ్చ దాంట్లో ఉల్లిగడ్డలుంటాయి, నీలం దాంట్లో పాత ఛార్జర్లు. తడి, పొడి వేరు చేశామా లేదా మీరే చెప్పండి.

ఇప్పుడు లెక్క చూడండి. ఆటో అతను సర్కారు ఉద్యోగి కాడు. కంపెనీ ఉద్యోగీ కాడు. అప్పున్న యజమాని. అతను చెత్తను ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌లో దించుతాడు. అక్కణ్నుంచి పెద్ద లారీల్లో జవహర్‌నగర్ డంపుయార్డుకు పోవడం, అక్కడ దాన్ని ఏదో ఒకటి చెయ్యడం రాంకీ కంపెనీ పని. ఆ ఒప్పందం 2009 నాటిది. అంటే మా మునక్కాడ పిప్పి మా గేటు దాటిన క్షణం నుంచి చేతులు మారుతూ పోతుంది. కోపం మాత్రం గేటు దాటదు. అది 202కూ 102కూ మధ్యే తిరుగుతుంది.

అత్త మీద కోపం దుత్త మీద చూపిందని సామెత. ఆ కోడలు అదృష్టవంతురాలు. కనీసం అత్త ఎక్కడుందో తెలుసు, వంటింట్లోనో వసారాలోనో. భయపడి దుత్త పగలగొట్టింది. మన కాలంలో అత్త అడ్రసే లేదు. టోల్‌ఫ్రీ నంబరుంది, యాప్ ఉంది, టికెట్ నంబరుంది. "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, మాకు ఎన్ని నక్షత్రాలిస్తారు" అనే మెసేజీ కూడా ఉంది, కవరు ఇంకా గేటు దగ్గరే ఉండగా. అడ్రసున్నదల్లా పక్కింటివాళ్లకే. కొరియర్ కవరు మీద రాసి మరీ ఉంటుంది.

102 గారికి ఈ సంగతి నాకంటే బాగా తెలుసు. ఆయన పాత విద్యుత్ బోర్డులో అకౌంట్స్ చూసిన మనిషి. "మా రోజుల్లో కరెంటు పోతే ఫ్యూజ్ ఆఫ్ కాల్ ఆఫీసుకొచ్చి తిట్టేవారండీ. తిట్టేవాడికి ఓ స్టూలు, తిట్టించుకునేవాడికి ఓ రిజిస్టరు. తిట్టడం అయ్యాక ఇద్దరూ కలిసి టీ తాగి, నిచ్చెన భుజానేసుకుని బయల్దేరేవారు" అంటారు. ఆ బోర్డు 1999 ఫిబ్రవరి 1న జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. మరుసటేడు డిస్కంలు వచ్చాయి. ఇవాళ్టికీ మనకు కరెంటు పంచేది సర్కారు కంపెనీయే. కానీ 'బోర్డు' పోయి 'కంపెనీ' అన్న మాట వచ్చిన రోజునే వినియోగదారుడు వీధి మనిషి కాకుండా పోయాడని, సర్వీసు నంబరు అయ్యాడని ఆయన ఫిర్యాదు.

అయినా అప్పటి జనానికి అత్త ఇల్లు తెలుసు. కరెంటు ఛార్జీలు పెంచారని 2000 ఆగస్టు 28న అసెంబ్లీ వైపు కదిలారు. బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. ఆ మంట చాలా ఏళ్లు ఆరలేదు. ఎన్నికల దాకా వచ్చింది. ఇప్పుడు మేం వాట్సాప్ గ్రూపులో చేతులెత్తి దండం పెట్టే బొమ్మలు పంపి, చివర్లో "మోటారు ఎవరు వేశారు?" అని ముగిస్తాం.

మా అపార్ట్‌మెంటులో ప్రైవేటు పక్షాన వాదించేది 301. షేర్లు కొంటాడు కాబట్టి అతనికి అన్ని కంపెనీలూ స్వంత అన్నదమ్ములే. "గవర్నమెంటు చేతిలో ఏదీ బాగుపడదన్నా, మెట్రో చూడు" అనేవాడు. చూశాం. మెట్రో కథ మొదటి అంకంలో 2008లో టెండరు గెలిచింది మైటాస్. సత్యం కంపెనీ పేరును ఇంగ్లిషులో తిరగేసి రాస్తే వచ్చే పేరు. మాకు పైసా వద్దు, మేమే సర్కారుకు 30,311 కోట్లు ఎదురు ఇస్తామంది. రైలు నడిపి ఎదురు డబ్బులివ్వడమేమిటి, ఇది భూముల వ్యవహారంలా ఉందని ఢిల్లీ మెట్రో శ్రీధరన్ గారు ఉత్తరం రాస్తే ఇక్కడ చాలామందికి కోపం వచ్చింది. 2009 జనవరిలో సత్యం దొంగ లెక్కలు బయటపడ్డాయి. ఎదురు కట్నం ఇస్తానన్న పెళ్లికొడుకు పీటల మీది నుంచే మాయమయ్యాడు.

రెండో అంకంలో 2010 సెప్టెంబరులో ఎల్ అండ్ టీ వచ్చింది. నిజం చెప్పాలంటే కట్టింది. 2017 నవంబరు 28న నాగోలు నుంచి మియాపూర్ దాకా, 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్‌బీ నగర్ దాకా రైలు నడిచింది. మూసారాంబాగ్‌లో ఎక్కి అమీర్‌పేటలో దిగే 301 ఆ వారమంతా నేల మీద నడవలేదు. 2025 మేలో గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 75 చేశారు. జనం గోల పెడితే తగ్గించి 69 చేశారు. పెరిగిన తొమ్మిది రూపాయలకు బాధపడాలో, తగ్గిన ఆరు రూపాయలకు మొక్కాలో అతనికి తేలలేదు. అదే ఏడాది సెప్టెంబరులో, నష్టాలు మోయలేనంటున్న కంపెనీ చేతుల్లోంచి మెట్రోను తానే తీసుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. సుమారు 13 వేల కోట్ల అప్పుతో సహా. ఆ రోజు 301 మెట్లెక్కుతూ కనిపిస్తే అడిగాను, ఇప్పుడేమంటావని.

"మంచిదే కదన్నా. గవర్నమెంటు తీసుకుంటే బాగుపడుతుంది."

ఎల్‌బీ నగర్ దాటి పెద్ద అంబర్‌పేట దాకా పోతే ఇంకో అంకం కనిపిస్తుంది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డును 2023లో 7,380 కోట్లకు ముప్పై ఏళ్ల లీజుకిచ్చారు. వేసింది ప్రజల సొమ్ముతో, తిరిగేది ప్రజలు, టోలు మాత్రం కంపెనీకి. మన ఇల్లు మనమే అద్దెకిచ్చి, మళ్లీ మనమే అందులో అద్దెకుండటం ఎలాగో ఇది చూస్తే అర్థమవుతుంది.

ఇక స్తంభాల సంగతి. మా సందు మలుపులో ఒక కరెంటు స్తంభముంది. ఉందని నమ్మకమే గానీ చూసి చాలా కాలమైంది. కేబుళ్లు చుట్టుకుని మర్రిచెట్టు ఊడల్లా వేలాడుతుంటాయి. స్తంభం ఒకరిది, తీగ ఇంకొకరిది, తెగిపోయి ఊగే కొస ఎవరిదీ కాదు. ఇంతవరకూ ఇది నవ్వులాట. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి అయిదుగురు చనిపోయాక నవ్వు రాలేదు. తర్వాత ఊరంతా కేబుళ్లు కోశారు, ఇంటర్నెట్ ఆగింది, వివాదం హైకోర్టు దాకా పోయింది. మా అపార్ట్‌మెంటులో ఇంటర్నెట్ లేని రెండు రోజులూ జరిగిన చర్చ ఏమిటంటే, 302 వాళ్ల వైఫై పాస్‌వర్డు పక్కవాళ్లకు ఎందుకివ్వలేదని.

ఇంతకీ సర్కారును అనేముందు మా ఇల్లు చూసుకోవాలి. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. మా వైపు వచ్చేది కృష్ణ, మేం పిలిచేది మంజీర. ఏ నదికి కృతజ్ఞత చెప్పాలో కూడా తెలియని జనం మేం. 2021 నుంచి నెలకు 20 వేల లీటర్ల దాకా ఆ నీళ్లు ఉచితం. అయినా రోజూ పొద్దున బండి మీద 20 లీటర్ల క్యాన్లు దిగుతాయి, అవి మాత్రం డబ్బుకు. ఉచితమైన ఇరవై వేల లీటర్ల మీద లేని నమ్మకం కొనుక్కున్న ఇరవై లీటర్ల మీద ఉంది. ఎండాకాలంలో ట్యాంకరు, కరెంటు పోతే ఇన్వర్టరు, మెట్లు తుడవడానికి ఒకరు, గేటుకు వాచ్‌మన్, గోడకు సీసీ కెమెరా. నెలనెలా మెయింటెనెన్సు రసీదు చూస్తే అది ఒక చిన్న మున్సిపాలిటీ బడ్జెట్టు. సర్కారు కంటే ముందు, ఏ టెండరూ పిలవకుండా, అన్నిటినీ ప్రైవేటుపరం చేసుకున్నది మేమే. ఒక్క తగాదాలను మాత్రం ఇంకా ఉమ్మడిగా ఉంచుకున్నాం.

ఆదివారం అసోసియేషన్ మీటింగు పెట్టారు. ఎజెండాలో మొదటి అంశం నల్ల కవరు. రెండోది మోటారు. మూడోది స్తంభం, దాని దగ్గరికి వచ్చేసరికి అందరూ టీకి లేచారు. నేను ఉండబట్టలేక అడిగాను, "ఆ స్తంభం గురించి ఎవరైనా ఎప్పుడైనా కాగితం మీద రాసిచ్చారా?" నిశ్శబ్దం. ఇరవై ఫ్లాట్లలో పాతికేళ్లుగా చదువుకున్న మనుషులు. ఒకరి మీద ఒకరు పెట్టుకున్న ఫిర్యాదులకు వాచ్‌మన్ దగ్గర రెండు వందల పేజీల నోటుబుక్కు నిండింది. బయటికి రాసిన దరఖాస్తు ఒక్కటీ లేదు.

102 గారే మౌనం విడిచారు. జేబులోంచి పెన్ను తీశారు. బోర్డు ఉద్యోగి చేతిరాత, అక్షరం అక్షరానికీ మధ్య సమదూరం. స్తంభం ఎక్కడుంది, కొస ఎంత ఎత్తున వేలాడుతోంది, కింద రోజూ ఎంతమంది బడిపిల్లలు నడుస్తారు, అన్నీ రాశారు. చివర సంతకాల దగ్గరికొచ్చి ఆగి, కాగితం 202 మేడమ్ వైపు జరిపారు. ఆవిడ చదివి, ఒక అక్షరదోషం దిద్ది, సంతకం పెట్టింది. ఆ తర్వాత మరో పదిహేడు సంతకాలు పడ్డాయి. 302 మాత్రం పాస్‌వర్డు విషయం తేలాక పెడతానన్నాడు.

అయ్యా, అమ్మా, ఈ కాలమ్ చదివాక మీరూ మీ పక్కింటి తలుపు కొట్టండి. తగాదాకు కాదు, సంతకానికి. అడ్రసు లేని అత్తకు ఒక్కడు రాస్తే టికెట్ నంబరొస్తుంది, ఇరవైమంది కలిసి గుమ్మంలో నిలబడితే ఎవరో ఒకరు కుర్చీలోంచి లేస్తారు. జనం దరఖాస్తులు తీసుకునే ప్రజావాణి సోమవారాల్లో ఉంటుంది.

మేం రేపే పోతున్నాం. 102 గారి కారులో ముందు సీటు ఎవరిదన్న విషయం ఇంకా తేలలేదు. అది తేలితే పదింటికల్లా అక్కడుంటాం.