సోఫాగమనము: టీకా తాత్పర్య సహితము

అవతారిక

రఘువంశానికి టీక ఉంది, నైషధానికి ఉంది. డెలివరీ చలానాకు లేదు. ఈ కొరత తీర్చడానికి చెన్నపట్నాన్ని మించిన చోటు లేదు. 1854లో ఇక్కడ పుట్టిన వావిళ్ళ వారి ముద్రణాలయం తెలుగు ఇళ్లకు కావ్యాలు పంపినప్పుడు ఉత్త మూలాన్ని గడప ముందు దింపి వెళ్లిపోలేదు. పదం పదం విప్పి, అన్వయం బిగించి, తాత్పర్యాన్ని వెలుతురు తగిలే చోట నిలబెట్టి మరీ వెళ్లింది. ఫర్నిచర్ వ్యాపారంలో దీన్ని ఇన్‌స్టలేషన్ అంటారు. దానికి ఛార్జీ వేరు.

ఇక పద్యం పుట్టుక. పశ్చిమ మాంబళంలో లిఫ్టు లేని ఇంట్లో మూడో అంతస్తులో కాపురముండే గృహస్థు ఒకడు పానగల్ పార్కు దగ్గరి దుకాణంలో సోఫా కొన్నాడు. పదిహేనో రోజు మధ్యాహ్నం అది వీధి గేటు ముందు వెలిసింది. గృహస్థు పంచె సర్దుకుంటూ కిందికి దిగేసరికి బండి లేదు. సోఫా ప్లాస్టిక్ తొడుగుకు అంటించిన చలానా మాత్రం ఉంది. దాని వెనకవైపు తెల్లగా ఉంది. శోకం శ్లోకమైన దేశం కదా మనది. ఆ గృహస్థూ ఈ టీకాకర్తా ఒక్కరేనని కొందరి మతం. మేము ఖండించము.

మూలము

సోఫ వచ్చె ననుచు సొంపుగా నవ్వకు
వీధివాకిటందు విడిచిపోవు
మెట్లు లెక్కపెట్టి మేటి గుమ్మముఁ గొల్చి
కొనుట తెలియువాఁడె కొన్నవాఁడు

ఛందస్సు

ఆటవెలది. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. దుకాణం భాషలో త్రీ ప్లస్ టూ సెట్టు. సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. అవి విడి కుర్చీలు. సీసం రాయరాదా అంటారేమో. సీసం ఎనిమిది సీట్ల డైనింగ్ టేబుల్. పాదానికి ఎనిమిది గణాలు, చివర ఎత్తుగీతి ఒకటి. లిఫ్టు లేని ఇంట్లో ఆ గీతిని ఎత్తేదెవరు?

ప్రతిపదార్థము

సోఫ: మూడు సీట్లది. ఈ మాటకు మూలం అరబీ. తుర్కీ, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు, అక్కణ్ణుంచి మనకు చేరింది. ఇన్ని గోడౌన్లు మారినా గీత పడలేదు. మరి చివరి దీర్ఘం ఏమైంది? సీతా శబ్దం తెలుగులో సీత అయినట్టే సోఫా సోఫ అయిందని వైయాకరణులు సమర్థిస్తారు. అసలు సంగతి వేరు. దీర్ఘంతో వస్తే సూర్యగణంలో పట్టదు. గుమ్మంలో పట్టనప్పుడు కాళ్లు విప్పినట్టు కవి దీర్ఘం విప్పేశాడు. ఇది పాత విద్యే. వియన్నా తోనెట్ వారి పద్నాలుగో నంబరు కుర్చీ 1859లో వచ్చింది. భాగాలుగా విప్పితే ఒక ఘనమీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. 2018 ఆగస్టు 9న హైదరాబాదులో తలుపులు తెరిచిన ఐకియా వ్యాపారం కూడా చాలావరకు ఈ హ్రస్వం మీదే నడుస్తుంది. దీర్ఘాన్ని మళ్లీ తగిలించుకోవడం కొన్నవాడి వంతు. అందుకే అలెన్ కీ పెట్టెలోనే పెడతారు.

వచ్చెను: ఎవరు తెస్తే వచ్చింది? మూలంలో లేదు.
శంక: సోఫాకు కాళ్లున్నాయి గనుక తానే నడిచి వచ్చిందనరాదా?
సమాధానం: అనరాదు. ఆ కాళ్లు పైన విప్పేశాం.
కాబట్టి ఇక్కడ కర్తను అధ్యాహారం చేసుకోవాలి. అంటే మూలంలో లేని మాటను అన్వయం కోసం బయటి నుంచి పిలిపించుకోవడం. పని అయ్యేదాకా అది లేనిదే వాక్యం నిలవదు. పని అయ్యాక దాని ఊసెత్తరు.

పానగల్ పార్కు పక్కన గృహస్థు చూసింది సోఫా ప్రతిబింబం. బింబం మాధవరం, రెడ్‌హిల్స్ వైపు గోడౌనులో ప్లాస్టిక్ కప్పుకుని నిద్రపోతుంటుంది. పగటి రద్దీలో పెద్ద లారీలను ఊళ్లోకి రానివ్వరు కనుక సరుకు అక్కడ దిగి చిన్న బండి ఎక్కుతుంది. 2005లో వచ్చిన టాటా ఏస్ ఆ బండి. తమిళులు దాన్ని ముద్దుగా ‘కుట్టి యానై’ అంటారు, అనగా ఏనుగు పిల్ల. ఐశ్వర్యం గజాంతమని పెద్దలన్నది ఇందుకే. అది ఏనుగు ఆగిన చోటే ఆగిపోతుంది.

డిజైనర్ల సోఫాలది ఇంకా పెద్ద ప్రయాణం. ఆళ్వార్‌పేటలో ఒక ఫ్లాటును ముస్తాబు చేస్తున్నారనుకోండి. మంచం జోధ్‌పూర్ నుంచి, సోఫా ఢిల్లీ కీర్తినగర్ నుంచి, టేకు బల్ల ఊళ్లోని వడ్రంగి దగ్గర్నుంచి రావాలి. ఏదీ చెప్పిన రోజు రాదు. వచ్చిన రోజున గోడకు రంగు ఆరదు. అందుకని ఈ పనికే ప్రత్యేకించిన రవాణావాళ్లుంటారు. వచ్చిన పెట్టెను వచ్చినట్టు విప్పి, గీతలు వెతికి, ఫొటో తీసి, ఐప్పసి, కార్తిగై అనే తమిళ నెలల వానకు చెక్క ఉబ్బకుండా దాస్తారు. అన్నీ పోగయ్యాక ఒక్క రోజే తెచ్చి, బిగించి, థర్మోకోలూ అట్టలూ ఏరుకుపోతారు. చేతులు మారిన ప్రతిచోటా ఫొటో ఎందుకంటే, గీత కంటబడిన మరుక్షణం దాన్ని గీసినవాడు లోకంలో ఉండడు. పంపినవాడు దారి మీదికి, దారివాడు గోడౌను మీదికి, గోడౌనువాడు మెట్ల మీదికి నెడతారు. అలా కర్తృలోపం వ్యాకరణం దాటి నష్టపరిహారం దాకా పాకింది. 50,000 రూపాయలు మించిన సరుకు రాష్ట్రం దాటాలంటే 2018 ఏప్రిల్ 1 నుంచి ఈ-వే బిల్లు ఉండాలి. అందులో అమ్మినవాడున్నాడు, కొన్నవాడున్నాడు, బండి నంబరుంది. భుజానికి గడి లేదు.

అనుచు: అని. సొంపుగా: ఫోనులో ‘అవుట్ ఫర్ డెలివరీ’ చదివిన ముఖంతో. నవ్వకు: తొందరపడకు.

వీధివాకిటందు విడిచిపోవు: డెలివరీ శబ్దార్థం మీద మూడు మతాలున్నాయి. ద్వైతులకు సోఫా వేరు, కొన్నవాడు వేరు. గేటు ముందు దింపితే ధర్మం తీరింది. విశిష్టాద్వైతులు గుమ్మం దాకా వస్తారు. సంబంధం ఒప్పుకుంటారు గాని ఐక్యం ఒప్పుకోరు. అద్వైతులు గదిలోకి తెచ్చి, బిగించి, జీవుణ్ణి సోఫాలో లీనం చేసి వెళ్తారు. పడమటి దేశాల్లో దీనికి తెల్ల చేతితొడుగుల సేవ అని పేరు. మే నెల చెన్నైలో తొడుగు వేసుకున్న చెయ్యి చెమటకు జారి సోఫా జీవుడి కాలి మీద పడుతుంది గనుక ఇక్కడ పేరు ఉంచుకుని తొడుగు వదిలేశారు. రామానుజులు పుట్టిన శ్రీపెరుంబుదూరు ఇప్పుడు ఫ్యాక్టరీలతో, గోడౌన్లతో కిటకిటలాడుతోంది. ఈ సీమలో సోఫాలు గుమ్మం దగ్గరే ఆగడంలో వింతేముంది? మన గృహస్థు పుట్టుకతో అద్వైతి. బిల్లు వెనక చిన్నక్షరాల ప్రకారం మాత్రం ద్వైతి.

మెట్లు లెక్కపెట్టి: మొత్తం 54. అష్టోత్తరంలో సగం. మెట్లను మరీ తిట్టకూడదు. 2015 డిసెంబరు వరదలో ఈ ఊళ్లో కింది అంతస్తుల సోఫాలు నీళ్లలో తేలాయి. ఇక్కడ ‘పెట్టి’ క్త్వార్థకం. అనగా లెక్కపెట్టడం ముందు, కొనడం తర్వాత జరగాలి. గృహస్థు వ్యాకరణం తప్పాడు.

వీధి చివర టీకొట్టు దగ్గర, ఇంజను తగిలించిన మూడు చక్రాల మీన్‌పాడి బండి పక్కన, ముగ్గురు లోడ్‌మ్యాన్లు దొరికారు. వాళ్ల మేస్త్రీ సోఫాను చూడలేదు, ఇంటిని చూశాడు. “ఎత్తనావదు మాడి, సార్?” అన్నాడు. ఎన్నో అంతస్తని ప్రశ్న. మూడని జవాబు. లిఫ్టు సంగతి అడగలేదు. గృహస్థు ముఖంలోనే చదివాడు. అంతస్తుకింతని బేరం కుదిరింది.

రెండో అంతస్తు మలుపు దగ్గర సోఫా ఆగింది. శాస్త్రంలో ఈ మలుపు ప్రసిద్ధం. లంబకోణంలో తిరిగే నడవలోంచి ఎంత పెద్ద సోఫా దాటగలదని 1966లో లియో మోజర్ అనే గణితజ్ఞుడు అడిగాడు. నడవ వెడల్పు ఒకటనుకుంటే వైశాల్యం 2.2195 దాకా దాటించవచ్చని 1992లో జోసెఫ్ గర్వర్ ఒక వంకర ఆకారం గీసి చూపాడు. అంతకు మించినది లేదని 2024లో జినియన్ బేక్ నిరూపణ వెలువరించాడు. మూడడుగుల మెట్లదారికి ఆ లెక్క కడితే ఇరవై చదరపు అడుగులకు వెంట్రుకవాసి తక్కువ. మన సోఫా పొడవు ఏడడుగులు, లోతు మూడు. ఇరవై ఒకటి. కనుక దాటదు. గృహస్థు ఈ సిద్ధాంతాన్ని మేస్త్రీకి విన్నవించబోయాడు. మేస్త్రీ “సాయ్, సాయ్” అన్నాడు, వాల్చమని. “తూక్కు” అన్నాడు, ఎత్తమని. సోఫా ఒక చివర మీద నిటారుగా లేచి, సున్నం కూడా రాలకుండా మలుపు తిరిగింది. గణితం 58 ఏళ్లు నేలకు అంటించి ఉంచిన సోఫాను ఆయన నిలబెట్టాడు.

మేటి: పాదపూరణం. అద్దె ఇంటి గుమ్మంలో మేటితనం లేదు; యతి కోసం కవి అరువు తెచ్చాడు. గుమ్మముఁ గొల్చి: కొలవవలసింది ద్వారబంధం బయటి అంచులు కాదు. రెక్క మందం, గడియ, ముందున్న ఇనుప గ్రిల్లు పోగా మిగిలిన సందు.

కొనుట తెలియువాఁడె కొన్నవాఁడు: పద్యానికి ఇది ప్రాణం. కొనడం ఒకసారి చాలదా, రెండుసార్లు ఎందుకు? పునరుక్తి దోషమని పూర్వపక్షం. కాదని సిద్ధాంతం. ‘కొను’ ధాతువుకు వెల ఇచ్చి తీసుకోవడం ఒక అర్థం. మరో క్రియ వెనక చేరితే అర్థం మారుతుంది: ఎత్తుకొను, మోసుకొను. మొదటి ‘కొనుట’ దుకాణంలోది. రెండోదానికి ముందుమాట లోపించింది. దాన్ని అధ్యాహారం చేస్తే ‘మోసుకొన్నవాఁడు’ అని తేలుతుంది. ‘వచ్చెను’ దగ్గర వెతికిన కర్త, ‘విడిచిపోవు’ దగ్గర దొరకని కర్త, ఇదిగో, చివరి మాట చాటున బరువు దింపుకుంటున్నాడు.

ఈ అన్వయానికి ప్రత్యక్ష ప్రమాణం ఉంది. హాల్లో సోఫా దింపి, కాళ్లు బిగించి, ప్లాస్టిక్ చించాక గృహిణి “ఏమండీ, పసుపు బొట్టు పెట్టి కూర్చుందాం” అని లోపలికి వెళ్లింది. మేస్త్రీ ఆగలేదు. దభాలున మధ్య సీట్లో కూర్చున్నాడు. రెండుసార్లు ఎగిరి చూశాడు. లేచి వెనక కాలు మర ఇంకో చుట్టు తిప్పి, మళ్లీ కూర్చుని, “నల్లా ఇరుక్కు సార్. ఆనా వీట్టుక్కు పెరిసు” అన్నాడు. బాగుంది గాని ఈ ఇంటికి పెద్దదని తాత్పర్యం.

పాఠాంతరము

‘కొన్నవాఁడు’ అనే చోట ‘నిన్నవాడు’ అని ఒక ప్రతిలో ఉందట. ముందు కొలవవలసిన సంగతి నిన్నే తెలిసి ఉండాల్సిందని దాని భావం. యతి చెడుతుంది గనుక గ్రాహ్యం కాదు. భావం మాత్రం గ్రాహ్యమే.

గద్య

ఇది శ్రీమత్ పశ్చిమ మాంబళాభిధాన పురోపకంఠ లిఫ్టురహిత తృతీయతల వాస్తవ్య గృహస్థ విరచిత పద్యానికి టీక. మాఘకావ్యానికి మల్లినాథసూరి రాసిన వ్యాఖ్య పేరు సర్వంకష. దీని పేరు సర్వంసహ. ఇందులో మూలం గృహస్థుది, అరువు మాటలు టీకాకర్తవి, చివరి అన్వయం మేస్త్రీది. ఆయన తన వంతు నగదుగా పుచ్చుకుని, టీకి వేరే అడిగి, 54 మెట్లూ ఉత్త చేతులతో దిగి వెళ్లాడు.