హుస్నాబాద్ పిన్‌కోడుకు టీకా తాత్పర్యం

మూలం: ముని రస శ్రుతి శర గగన శరములు.

టీక: ముని = సప్తర్షులు గనుక 7; రస = షడ్రుచులు గనుక 6; శ్రుతి = వేదములు, 4; శర = మన్మథుని బాణములు, 5; గగన = ఆకాశము, అనగా శూన్యము, 0; శరములు = మరల ఆ బాణములే, 5. అంకెలు కుడి నుండి ఎడమకు నడుచునను పెద్దల మాట చొప్పున తిరగవేయగా 505467 అగుచున్నది.

తాత్పర్యం: ఇది మా హుస్నాబాద్ పిన్‌కోడు. మొదటి 5లో తెలంగాణ, ఆంధ్ర, కర్ణాటక మూడూ ఉన్నయి. 505 దాకా వస్తే కరీంనగర్. మిగిలిన మూడంకెలు మన టపా పంచే ఆఫీసు. 1972 ఆగస్టు 15న మొదలైన ఈ పద్ధతికి కర్త శ్రీరామ్ భికాజీ వేలంకర్. ఆయన తపాలా శాఖ అధికారే కాదు, సంస్కృత కవి కూడా. కాబట్టి దీనికి టీక రాయడం నా పైత్యం మాత్రమే కాదు.

శంక: 2016 అక్టోబరు 11 నుంచి మనది సిద్దిపేట జిల్లా కదా, 505 ఎట్లా పొసగుతుంది? పోస్టాఫీసులో స్పీడ్‌పోస్టు కవరు మీద చిరునామా రాస్తుంటే పక్కనున్న పెద్దాయన తొంగిచూసి ఈ శంకే లేవదీసిండు. "జిల్లేమొ సిద్దిపేట అని రాసిన్రు, నంబరేమొ కరీంనగర్‌ది ఏసిన్రు. గిది ఏడికి పోతది సారూ?"

సమాధానం: జిల్లా గెజిట్‌లో మారింది, టపా సంచిలో మారలేదు. సిద్దిపేట పట్టణానిది 502103, ఆ వరుసే వేరు. పెద్దాయన తృప్తి పడలేదు. నేనూ పడలేదు.

విశేషం: 505467లోని అంకెలన్నీ కూడితే 27. ఆ 27తోనే ఈ సంఖ్య నిశ్శేషంగా భాగం పోతుంది. ఇట్లాంటివాటికి దేవలాలీ బడిపంతులు కాప్రేకర్ హర్షద సంఖ్యలని పేరు పెట్టిండు, సంతోషమిచ్చేవని అర్థం. భాగఫలం 18721. అది 97, 193 అనే రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం. 1 నుంచి 193 దాకా వరుసగా కూడినా అదే వస్తుంది, ఓపికున్నవారు కూడి చూడొచ్చు. ఇక ముందున్న 1 తీసేసి సున్న పెట్టండి: 08721, మన ఊరి ఎస్టీడీ కోడు! కాకతాళీయమే. అయినా మూలంలో లేనిది రాయనని ఒట్టు పెట్టుకున్నవాడు మెదక్ దిక్కు కొలిచెలమ మల్లినాథ సూరి, నేను కాదు.

పాఠాంతరం: తొందరలో చివరి రెండంకెలు తారుమారై 505476 అని పడుతుంటుంది. దీని మొత్తం కూడా 27 కావడంతో కూడిక పరీక్షలో దొరకదు. 27తో భాగిస్తే మాత్రం 9 మిగిలి దొంగ బయటపడతాడు. ఇది అపపాఠం, గ్రాహ్యం కాదు. కవరు అంటించే ముందు ఒక్కసారి భాగించి చూసుకోండి.