కీలభ్రమణ శాస్త్రం

కంప్యూటర్‌లో కట్టిన నది, నేల మీది నదిలా పారేదాకా మోడల్ మరలు తిప్పే విద్యకు కీలభ్రమణమని పేరు. లోకులు కాలిబ్రేషన్ అంటారు. దీనికి అధికారి ఓపిక ఉన్నవాడు. ఓపిక లేకుంటే ప్రోగ్రాం ఉన్నవాడు. ఫలం థీసిస్.

ఆచార్యులు పదేపదే పట్టుకున్న ఉదాహరణ అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో పారే లీఫ్ నది. కాలిన్స్ ఊరి దగ్గర దాని పరీవాహకం 1,944 చదరపు కిలోమీటర్లు. సాక్రమెంటో అనే మోడల్‌లో పాపం అది ఎన్నిసార్లు పారిందో! ఆ మోడల్‌కు మరలు పదికి పైమాటే. మట్టి పైపొర ఎంత నీరు పట్టుకుంటుంది, కిందికి ఎంత వేగంగా ఇంకుతుంది, ఇలాంటివి. పరీవాహకం మొత్తానికి వీటిని కొలిచి చెప్పే పరికరం లేదు, అందుకే తిప్పడానికి వీలు. కొలిచిన వైశాల్యాన్ని తిప్పితే నవ్వరూ!

పూర్వం చేత్తోనే తిప్పేవారు. తప్పు అతి తక్కువయ్యే చోటు కోసం వెతుకులాటను యంత్రానికి అప్పగిస్తే అది దగ్గర్లోని చిన్న గుంటలో పడి, ఇదే పాతాళమని చతికిలబడేది. 1992లో అరిజోనాలో డువాన్, సొరూషియన్, గుప్తా దానికి విరుగుడు చెప్పారు. వెతికేవాళ్లను గుంపులుగా వదలాలి, కొంతసేపయ్యాక గుంపులన్నీ కలిపి మళ్లీ పంచాలి. అదే ఏడాది ఇంగ్లండ్‌లో బెవెన్, బిన్లీ అసలు అత్యుత్తమమైన జవాబు ఒక్కటే ఉంటుందని ఎవరన్నారని అడిగారు.

మోడల్ నది అసలు నదిలా ఎంత పారిందో చెప్పే మార్కుల పద్ధతి 1970లో నాష్, సట్‌క్లిఫ్ పెట్టింది. 1 వస్తే పూర్ణం. 0 వస్తే, రోజూ సగటు ప్రవాహమేనని చెప్పి పడుకున్నవాడూ మీరూ సమానం. అంతకన్నా కిందికీ దిగవచ్చు, అడుగు లేదు.

పూర్వపక్షం: మంచి మార్కు వచ్చింది గనుక మట్టి గుణం తెలిసినట్టే కదా?

సిద్ధాంతం: కాదు. పక్క ఊళ్లో కురిసిన వాన రెయిన్‌గేజ్‌కు తెలియలేదు, నదికి తెలిసింది. నీరు ఎక్కడిదో తోచక ప్రోగ్రాం మట్టి దాహాన్ని తగ్గించి లెక్క సరిపెట్టింది. అత్త మీద కోపం దుత్త మీద. పైగా ఒక మర పెంచి ఇంకొకటి తగ్గించినా అదే మార్కు రావచ్చు. ఇన్ని వేషాల్లో అసలు మట్టి ఏదో ప్రోగ్రాం చెప్పదు, దాన్ని అడిగినవాడూ లేడు.

ఇక హద్దుల ప్రకరణం. ప్రతి మరా ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా తిరగాలో గీత గీసేది మనిషే, ఎంత స్వయంచాలకమైనా. మర ఆ గీతకు కొట్టుకుని ఆగిపోతే మోడల్‌లోనే దోషముందని ఒక శాఖ అంటుంది. సంఖ్యాబలమున్న రెండో శాఖ గీతను కాస్త అవతలికి జరిపి, ప్రోగ్రాంను రాత్రంతా నడవనిచ్చి, భోజనానికి వెళుతుంది.