పెరుగు, రైలు, నెయ్యి: ఒక యాత్రాకావ్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

స్విట్జర్లాండులో థూన్, బ్రియెంజ్ అనే రెండు సరస్సుల నడుమ ఇంటర్లాకెన్ అనే ఊరుంది. మామ్మ మొదలు మునిమనవల దాకా మా ఉమ్మడి కుటుంబం వేసవిలో అక్కడ అద్దె ఇల్లు తీసుకుని కొన్నాళ్ళు కాపురం పెట్టింది. ఆ సందర్భంగా మా బాబాయి మూడు ఆటవెలదులు రచించి కుటుంబపు వాట్సాప్ గ్రూపులో ప్రకటించారు. స్పందనగా కొన్ని నమస్కారాలు, ఒక బొటనవేలు వచ్చాయి. పద్యం అర్థమైనవారెవరూ బొటనవేలితో సరిపెట్టరు గనుక, అర్థం కాలేదని నిశ్చయించి ఈ వ్యాఖ్యానానికి పూనుకుంటున్నాను.

శాస్త్రమర్యాద ప్రకారం ముందుగా అనుబంధ చతుష్టయం చెప్పాలి. విషయం: పరదేశంలో అయినవాళ్ళతో తిరుగుతుండగా దొరికిన చిల్లర సంతోషాలు. ప్రయోజనం: టోకు సంతోషాలకైన ఖర్చును మరచిపోవడం. సంబంధం: పెదనాన్న, పెద్దమ్మ, మేనత్త, మామయ్య, పిన్ని, తత్సంతానం. అధికారి: షెంగెన్ వీసా చేతికి వచ్చినవాడు.

మొదటి పద్యం

కొండ మీద మంచు కోట్ల కొలది యున్న
కోపు కొట్టులోన కొనెడు పెరుగు
చూచి నవ్వె నత్త చుక్క పొడిచినట్లు;
చూడవలసినట్టి చోటు సుమ్ము!

ప్రతిపదార్థం: కొండ మీద = సముద్రమట్టానికి 3,454 మీటర్ల ఎత్తున, యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ అను రైల్వే స్టేషను వద్ద; మంచు = టికెట్టు కొన్నవారికి మాత్రమే దగ్గరగా కనబడు తెల్లని పదార్థము; కోట్ల కొలది = లెక్కకు మించి (టికెట్ల మొత్తమని పెదనాన్న); ఉన్న = ఉన్నప్పటికిని; కోపు కొట్టులోన = ఆ దేశమంతటా శాఖలున్న కోప్ అను సరుకుల దుకాణమునందు; కొనెడు = రూపాయలలోకి మార్చి చూడక కొనెడు; పెరుగు = పెరుగే; చూచి = చూచి, మరల చూచి; అత్త = మేనత్త; చుక్క పొడిచినట్లు = ఎంతో ఆలస్యముగా; నవ్వె = నవ్వెను; సుమ్ము = ఇది నిశ్చయము.

తాత్పర్యం: ఆల్ప్స్ కొండల మీద ఎంత మంచు ఉంటేనేం, దుకాణంలో పెరుగు కనబడగానే అత్త నవ్వింది. చూడవలసింది అదే.

విశేషాలు: ఆ కొండ రైలు సామాన్యమైనది కాదు. 1896లో పని మొదలుపెట్టి, ఐగర్, మంఖ్ శిఖరాల కడుపులోంచి సుమారు ఏడు కిలోమీటర్లు సొరంగం తొలిచి, 1912లో పూర్తిచేశారు. యూరప్‌లో అంతకన్నా ఎత్తున రైల్వే స్టేషను లేదు. పైకి వెళ్తే ఆల్ప్స్ అన్నిటిలోకీ పొడవైన అలెచ్ హిమానీనదం కాళ్ళ ముందు పరుచుకుని ఉంటుంది. ఇంతటి వైభవాన్ని కవి ఒకే పాదంలో కూర్చి, చివర ‘ఉన్న’ అనే చిన్న మాటతో పక్కకు తోసేశారు. ఇది సాహసం కాదా అంటే, కాదు, ఉచితజ్ఞత.

ఆ రోజు అక్కడ మావాళ్ళ ముఖాల్లో మంచు వెలుగుతో పాటు టికెట్టు వెల కూడా కనబడింది. ఫ్రాంకు వంద రూపాయలు దాటిన కాలమది. పెదనాన్న హిమానీనదం వైపు తిరిగి మనిషికింత చొప్పున హెచ్చవేస్తున్నారు. కాఫీ వేడిగా లేదని పెద్దమ్మ అంటే, అంత ఎత్తున నీళ్ళు వంద డిగ్రీలు చేరకముందే మరుగుతాయని మామయ్య శాస్త్రం చెప్పి, కాఫీకి అందని వంద డిగ్రీలూ పెద్దమ్మకు అందేలా చేశారు. డబ్బు పోసి కొన్న ఆనందం గనుక ఆనందించి తీరాలన్న బరువొకటి అందరి మీదా పడింది. బాధ్యతగా ఆనందించడం ఎంత కష్టమో ఆనాటి ఫొటోలు చూసినవారికి తెలుసు.

ఇక పెరుగు సంగతి. మన దేశం నుంచి వెళ్ళే ప్రయాణికులను పాలపదార్థాలు, మాంసం వెంట తేనివ్వదు స్విట్జర్లాండు. కాబట్టి ఆవకాయ విమానమెక్కింది, నెయ్యి సీసా గుమ్మం దగ్గరే ఆగిపోయింది, తోడుపెట్టే ఆశ అక్కడే చచ్చింది. మజ్జిగన్నంతో ముగియని భోజనం భోజనమే కాదనే మనిషి మా అత్త. వెళ్ళిన దగ్గర్నుంచీ ఆమెకు స్ట్రాబెర్రీదీ వెనిలాదీ తియ్యటి పెరుగే ఎదురైంది. చివరికి కోప్‌లో, జర్మను, ఫ్రెంచి, ఇటాలియను మూడు భాషల రాతలున్న డబ్బాల వరుసలో, బొమ్మ లేని తెల్ల డబ్బా ఒకటి ఆమె కంట పడింది. రాతలు చదవకుండానే డబ్బాను పక్కకు వంచి, లోపలి సరుకు కదలకపోవడం గమనించి, గట్టి పెరుగని తేల్చింది. పండిన నవ్వు అప్పుడు వచ్చింది.

*ఆక్షేపం:* పెరుగు మన వీధి చివర కూడా దొరుకుతుంది. దానికి అంత దూరం పోవాలా?

*సమాధానం:* పోవాలి. ఇంట్లో పెరుగు లేకపోతే సణుగుడు పుడుతుంది, ఉంటే ఏమీ పుట్టదు. ఉన్నందుకు నవ్వు పుట్టాలంటే మధ్యలో కొన్నాళ్ళ లేమి గడవాలి. ఆ లేమిని సమకూర్చడానికే విమానాలున్నాయి.

*అలంకారం:* ఉపమ. జూన్ నెలాఖరున ఇంటర్లాకెన్‌లో పొద్దు కుంకేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. చుక్క పొడవాలంటే ఇంకా చాలాసేపు కాచుకోవాలి. కాబట్టి ఈ ఉపమానం దేశకాలాలు తెలిసి వేసింది. గుంటూరులో కూర్చుని ఇదే మాట రాసి ఉంటే అత్త ఏడింటికే నవ్వినట్టయ్యేది.

రెండో పద్యం

ముందు పెట్టెలోన ముసలివారు కులుక
వెనుక పెట్టెలోన పిల్లలుండ
రైలు రెండు చేసె, రచ్చ తీర్చె నపుడె;
రాజి కుదిరె గాదె రైలు వలన!

ప్రతిపదార్థం: ముందు పెట్టె = ఎక్కుటకు దగ్గరైనది; ముసలివారు = యాభై దాటినవారు (ఈ అర్థమును పిన్ని అంగీకరింపదు); కులుక = కిటికీ సీట్లు దొరికిన కతన మురియుచుండగా; వెనుక పెట్టె = పెద్దల మాట వినబడనిది; రెండు చేసె = కుటుంబమును రెండుగా చీల్చెను; రచ్చ = ఎటు పోవలెనను తగవు; రాజి = ఎవరి ప్రమేయమును లేక కుదిరిన ఒప్పందము.

తాత్పర్యం: జలపాతానికా, కొండ ఊరికా అని కొట్టుకుంటున్న కుటుంబాన్ని రైలే రెండుగా విడదీసి, తగవు తీర్చింది.

విశేషాలు: లౌటర్‌బ్రూనెన్‌లో ష్టౌబాఖ్ అనే జలపాతం దాదాపు మూడువందల మీటర్ల కొండచరియ మీదనుంచి నిట్టనిలువునా దూకుతుంది. గ్రిండెల్‌వాల్డ్‌లో ఐగర్ శిఖరం ఊరి నెత్తిన నిలబడి ఉంటుంది. మొదటిది చూడాలని ఒక పక్షం, రెండోది చూడాలని ఇంకో పక్షం. ఇంటర్లాకెన్‌లో బయలుదేరే రైలు ఒకటే, కాని త్స్వైల్యూచినెన్ అనే చిన్న స్టేషనులో దాన్ని రెండు ముక్కలు చేస్తారు. ఒక ముక్క ఒక లోయలోకి, రెండోది ఇంకో లోయలోకి పోతుంది. ఈ సంగతి రైల్లో చెబుతూనే ఉంటారు. పులిహోర డబ్బా ఎవరి సంచిలో ఉందన్న విచారణలో మావాళ్ళ చెవికి అది ఎక్కలేదు.

ఇక్కడ గమనించదగ్గ వింత ఒకటుంది. నల్ల ల్యూచినె, తెల్ల ల్యూచినె అనే రెండు ఏళ్ళు సరిగ్గా ఆ ఊళ్ళోనే కలుస్తాయి. ఏళ్ళు కలిసేచోట రైలు విడిపోవడం విరోధాభాసాలంకారం. దీన్ని కల్పించింది కవి కాదు, భూగోళం.

‘ముందు పెట్టె వెనుక పెట్టె’ అని విడిగా ఎక్కడమెందుకు, అందరూ ఒకే పెట్టె ఎక్కరాదా అని శంక. ఆ దేశపు స్టేషను గడియారం తెలిసినవారికి ఈ శంక రాదు. హాన్స్ హిల్ఫికర్ అనే ఇంజనీరు 1944లో రూపొందించిన గడియారమది. తరవాత చేర్చిన ఎర్రని సెకను ముల్లు సుమారు యాభై ఎనిమిదిన్నర సెకన్లలోనే చుట్టు పూర్తిచేసి, పన్నెండు దగ్గర కాస్త ఆగి, కొత్త నిమిషానికి సంకేతం అందాక మళ్ళీ కదులుతుంది. మా కుటుంబానికి ఆ దేశం ఇచ్చిన వెసులుబాటల్లా ఆ ఆగిన కాస్తే. ఎవరికి దగ్గరైన పెట్టె వారెక్కారు.

ఏ పక్షం ఎటు పోయిందో కవి చెప్పలేదు. చెప్పకపోవడమే మేలు. గెలిచింది తామేనని ఇరుపక్షాలూ నేటికీ నమ్ముతున్నాయి. పులిహోర ఒక లోయకు, పళ్ళేలు ఇంకో లోయకు పోయాయన్నది మాత్రం నిర్వివాదం.

అయితే రాజి కుదిరిందనడానికి ప్రమాణమేమిటి? సాయంత్రం తిరుగు ప్రయాణం. పొద్దున విడిపోయిన స్టేషనులోనే ముక్కలు మళ్ళీ ఒక్క రైలుగా కలుస్తాయి. పెట్టెలోంచి పెట్టెలోకి పిల్లలు పరుగెత్తారు, పెద్దలు గొంతు పెంచారు, మీరేం చూశారు మేమేం చూశామని ఊరు వచ్చేదాకా చెప్పుకున్నారు. అంతకు ముందు రోజుల్లో ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదా అంటే, తగవులాడుకున్నారు, మాట్లాడుకోలేదు. పొద్దస్తమానం పక్కపక్కనే తిరిగేవాళ్ళకు ఒకరికొకరు చెప్పుకునే కబురు ఎక్కడుంటుంది? చూసిందే అందరూ చూశారు, తిన్నదే అందరూ తిన్నారు. ఒక్క పూట ఎడమైతే గాని ఇంటికి చేర్చే వార్త పుట్టదు. ఉమ్మడి కుటుంబంతో దేశాలు తిరగదలచినవారికి ఈ పద్యం చేసే ఉపదేశం ఇది.

*పాఠాంతరం:* ‘రచ్చ పెంచె నపుడె’ అని పిన్ని ఫోనులో ఉన్న ప్రతి. ఛందస్సు రెండింటికీ సరిపోతుంది. కుటుంబ చరిత్రా రెండింటినీ సమర్థిస్తుంది.

మూడో పద్యం

వెన్న కాచె నమ్మ వెలుగు రేయి నడుమ,
వేడి నేతి తావి వీధికెక్కె;
పొరుగు తలుపు తెరిచె, పోరు తప్పదనుచు
మేము వణక, నామె మెచ్చి నవ్వె!

ప్రతిపదార్థం: అమ్మ = కవికి అమ్మ, మాకు మామ్మ; వెన్న = అదే దుకాణమున కొన్న స్విస్ వెన్న; వెలుగు రేయి = గడియారమున రాత్రియు ఆకాశమున సాయంకాలమును అగు వేళ; తావి = కమ్మని వాసన; వీధికెక్కె = వీధిలోనికి వ్యాపించెను, మా పరువును వీధికెక్కించునేమో యనియు ధ్వని; పొరుగు = పక్కవాటా ముసలావిడ; వణక = తలుపున అంటించిన నియమావళిని తలచి వణకగా.

తాత్పర్యం: మామ్మ నెయ్యి కాస్తే వాసన వీధిదాకా పోయింది. పక్కావిడ తగవుకొచ్చిందని మేం భయపడితే, ఆమె మెచ్చుకుని నవ్వింది.

విశేషాలు: ‘వెలుగు రేయి’ అన్నచోట కొంత పూర్వకథ ఉంది. సంధ్యాదీపం ఎప్పుడు పెట్టాలన్నది మామ్మకు ఎదురైన మొదటి ధర్మసందేహం. రాత్రి భోజనాలు అయ్యాక కూడా కిటికీలో ఎండ. వేసవిలో వారి గడియారం మనకన్నా మూడున్నర గంటలు వెనక. చివరికి ఆమె మధ్యాహ్నం మూడింటికి దీపం వెలిగించింది. ఇంటి దగ్గర ఆరున్నర అయింది గనుక దేవుడికి అదే లెక్కట. పంచాంగకర్తలు దీన్ని పరిశీలించాలి.

ఇక వణుకు సంగతి. రాత్రి పదింటి తరవాత చప్పుడు చేయరాదని ఆ ఇంటి తలుపు మీద కాగితం అంటించి ఉంది. వాసన ప్రస్తావన అందులో లేదు. లేకపోయినా ‘చప్పుడు వగైరా’ అని అన్వయించుకుని మావాళ్ళు బెదిరారు. అప్పుడే పక్కవాటా తలుపు తెరుచుకుంది. ఆవిడ గుమ్మంలో నిలబడి గట్టిగా గాలి పీల్చింది. మామ్మ మూకుడు ఎత్తి చూపించింది. ఆవిడ లోపలికి పోయి చిన్న గిన్నెతో తిరిగి వచ్చింది.

ఆమె మెప్పుకు కారణం ఉంది. ఆల్ప్స్ పల్లెల్లో వెన్నను కాచి, నిలవ చేసుకునే అలవాటు పాతదే. కాచిన వెన్న ఆ దేశపు అంగళ్ళలో ఇప్పటికీ అమ్ముతారు. మేం పరాయివాళ్ళను బెదరగొట్టాం అనుకున్న వాసన ఆవిడకు పుట్టింటి వాసన కావడంలో వింత లేదు. అయితే కాచిన వెన్నకు అడుగున మిగిలిన గోకుడులో పంచదార కలిపి పిల్లలకు పెట్టడం ఆవిడ ఎరుగదు. ఆ విద్య ఆ రాత్రి మామ్మ చేతిమీదుగా ఆమెకు అబ్బింది.

*యతి విచారం:* మూడో పాదంలో పొరుగుకూ పోరుకూ యతి. ఇది ఛందశ్శాస్త్రం ఏర్పరచిందే అయినా లోకానుభవం కూడా అదే గనుక పాఠకుడు తగవుకు సిద్ధపడతాడు. వెంటనే నాలుగో పాదంలో ‘మేము’కూ ‘మెచ్చి’కీ యతి కుదిర్చి కవి ఆ తగవును దాటించారు.

రసనిర్ణయం

ఈ కావ్యంలో అంగిరసం ఏది? మంచుకొండ ఉంది గనుక అద్భుతమని పెదనాన్న. రచ్చ ఉంది గనుక రౌద్రమని మామయ్య. పొరుగు తలుపు తెరుచుకుంది గనుక భయానకమని పిల్లలు. ఇవేవీ నిలవవు. మూడు పద్యాలకూ ఉమ్మడి లక్షణం ఒకటుంది: ఏ పద్యంలోనూ వెల లేదు. యాత్రాపట్టికలో రాసుకున్నవి కావివి. పెరుగు దగ్గర, చీలిన రైలు దగ్గర, నేతి మూకుడు దగ్గర ‘ఎంతయింది’ అని ఎవరూ అడగలేదు, ఫొటో తీయాలని ఎవరికీ తోచలేదు. లెక్క ఆగినచోట నవ్వు మొదలైంది గనుక అంగిరసం హాస్యమే. రౌద్రభయానకాలు దానికి వంటమనుషులు.

*చివరి ఆక్షేపం:* అలాగైతే కొండ ఎక్కడం దండుగే గదా? పెరుగుతో, నేతితో సరిపెట్టుకుంటే పోలా?

*సమాధానం:* పోదు. కొండ పేరు చెప్పకుండా ఇంతమందిని ఒక్క విమానం ఎక్కించడం బ్రహ్మతరం కాదు. పెరుగు చూద్దాం రమ్మంటే పెదనాన్న గేటు దాటరు, నెయ్యి కాద్దాం రమ్మంటే పిల్లలు గది దాటరు. కాబట్టి కొండకైన ఖర్చును కొండ పద్దులో కాక, పెరుగు పద్దులో రాసుకోవాలి. అప్పుడు జమాఖర్చు సరిపోతుంది.

ఫలశ్రుతి

ఈ మూడు పద్యాలను టీకతో సహా ప్రయాణానికి ముందు పఠించినవారికి ఆవకాయ సీసా కారదు. విన్నవారికి కిటికీ సీటు ప్రాప్తిస్తుంది. కుటుంబపు గ్రూపులో ముందుకు పంపినవారికి చుట్టాల తగవులు త్స్వైల్యూచినెన్‌లో తీరతాయి. వచ్చే వేసవికి ఎక్కడికన్న చర్చ గ్రూపులో అప్పుడే మొదలైంది. పెదనాన్న దేశాల పేర్లు వరసగా రాస్తున్నారు. అత్త మాత్రం ఒక్కొక్క దేశం కింద ‘అక్కడ గట్టి పెరుగేనా?’ అని అడిగి ఊరుకుంటోంది.

ఇది ఉమ్మడి కుటుంబ వాట్సాప్ సభాసదులైన బాబాయిగారి త్రిపద్య కావ్యమునకు, ఆయన అడుగకున్నను రచింపబడిన టీకా తాత్పర్యము. సర్వము సమాప్తము.