తొట్టె తీర్పు

ప్రయాగ సంగమ జలం జైళ్లకు కూడా చేరింది. 2025 ఫిబ్రవరి 21న ఉత్తరప్రదేశ్‌లోని 75 జైళ్లలో, తొంభై వేల మందికి పైగా ఖైదీలకు, ఉదయం తొమ్మిదిన్నర నుంచి పది దాకా పాప ప్రక్షాళన. మన కోర్టులు ఇరవై ఏళ్లకూ తేల్చలేని లెక్కను తొట్టెడు నీళ్లతో అరగంటలో తేల్చే ఏర్పాటన్నమాట. న్యాయశాఖ సిగ్గుపడాలి.

ఈ తొట్టె గురించి కాస్త మాట్లాడుకోవాలి. ప్రయాగ నుంచి తెచ్చిన నీళ్లు కొంచెం, జైలు కుళాయి నీళ్లు బోలెడు. రెండూ కలిపి, పూజ చేసి, స్నానానికి రమ్మన్నారు. అప్పటి నుంచీ ఒక సందేహం నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఎన్ని చుక్కలు కలిస్తే ఏ సెక్షను పోతుంది? జేబుదొంగతనానికి చెంబెడు చాలా? హత్యకు నాలుగు చెంబులా? కుట్ర కేసైతే ముద్దాయిలంతా కలిసి మునగాలా, ఎవరి చెంబు వారిదేనా? నాన్‌బెయిలబుల్ పాపాలకు వేరే బకెట్ ఉందా? అప్రూవర్‌గా మారినవాడికి ముందు వరసా? జైలు మాన్యువల్లో ఇవేవీ లేవు. జైళ్ల మంత్రిగారైనా చెప్పలేదు.

ఇంకో పేచీ. స్నానంతో పాపం పోయిందా, లేదా? పోయిందంటే ఆ సాయంత్రమే గేటు తీసి పంపేయాలి. తలలు లెక్కపెట్టి మళ్లీ తాళం వేశారంటే పోలేదనేగా? పోనప్పుడు ఆ నీళ్లు అంత దూరం మోసుకురావడం దేనికి? తెచ్చిన తీర్థం మీద తెచ్చినవాళ్లకే నమ్మకం లేకపోతే ఖైదీకి ఎక్కణ్నుంచి వస్తుంది?

నీళ్ల సంగతి సరేసరి. ప్రయాగలో మలసంబంధ బాక్టీరియా మితిమీరి ఉందని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి హరిత ట్రిబ్యునల్‌కు చెప్పింది ఆ వారంలోనే. కాదు, ఆచమనానికి కూడా భేషుగ్గా ఉన్నాయని ముఖ్యమంత్రి అసెంబ్లీలో చెప్పిందీ ఆ వారంలోనే.

ఇష్టమున్నవాళ్లే చేశారు అంటారు. జైల్లో ఇష్టమా! పెరోల్ సిఫారసు, ములాఖత్, మంచి ప్రవర్తన మార్కులు అన్నీ ఎదురుగా నిలబడ్డ అధికారి చేతిలో ఉన్నప్పుడు, ఆయనే తొట్టె చూపించి "ఇష్టమైతేనే" అంటే ఎంతమంది తల అడ్డంగా ఊపుతారు? అదీగాక, అందరూ ఒకే తొట్టె దగ్గర చేరితే సమానత్వం వచ్చేసినట్టు ఒక మురిపెం. జైల్లో ఊడ్చే పని ఏ కులానిదో, వంట పని ఏ కులానిదో కొన్ని రాష్ట్రాల మాన్యువళ్లలో రాసే ఉండేది, 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు కొట్టేసేదాకా. ఆ జాబితాలో ఉత్తరప్రదేశ్ మాన్యువల్ కూడా ఉంది.

ఇంతకీ అది ఎవరి పాపం? జాతీయ నేర గణాంకాల బ్యూరో 2022 లెక్క ప్రకారం దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నలుగురిలో ముగ్గురు. వాళ్లు నేరం చేశారని ఇంతవరకు ఏ జడ్జీ అనలేదు. జడ్జి కంటే ముందు తొట్టె తీర్పు చెప్పింది: నీది పాపమే, మునుగు. వంద మంది పట్టే చోట నూట ముప్పై ఒక్కరిని కుక్కారు. తా దూర కంత లేదు, మెడకో డోలు.

ఇది కొత్త సరదా కాదు. 2022లోనే ఉత్తరప్రదేశ్ జైళ్లలో గాయత్రీ, మహామృత్యుంజయ మంత్రాలు వినిపించాలని ఉత్తర్వులిచ్చారు. ప్రభుత్వ బడుల్లో మతబోధ వద్దంది రాజ్యాంగం 28వ అధికరణం. జైలు బడి కాదుగా! గోల్కొండ చెరలో రామదాసు భజన చేశాడంటే, మైకులో వినిపించమని తానీషా సర్క్యులర్ ఇచ్చినందుకు కాదు.

జైల్లో చదువు లేదా అంటే, ఉంది. తీహార్లో 1994 నుంచి ఇగ్నో కేంద్రముంది. మన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం కూడా జైళ్లలో డిగ్రీలు చెబుతోంది. కష్టపడి చదివి పట్టా తెచ్చుకున్న ఖైదీకి చేతులెత్తి మొక్కుతాను. పట్టా ఫొటోలో మధ్యన నిలబడే అధికారికి మొక్కను. దాదాపు నలుగురిలో ఒకరికి సంతకమే రాని చోట, తోటి ఖైదీయే పంతులైన చోట, ఫొటోకి మాత్రం డిగ్రీ కావాలి.

ఇక వ్యంగ్యం నావల్ల కాదు. మండలే జైల్లో తిలక్‌ను గీతారహస్యం రాసుకోనిచ్చాడు తెల్లవాడు. ఉన్నవ లక్ష్మీనారాయణ మాలపల్లి రాసింది రాయవేలూరు జైల్లో, 1922లో. దాదాపు వందేళ్లకు తలోజా జైల్లో విచారణ ఖైదీగా ఉన్న గౌతమ్ నవలఖాకు వోడ్‌హౌస్ హాస్య పుస్తకం ఇవ్వలేదు, భద్రతకు ముప్పట. నవ్వొస్తోందని బొంబాయి హైకోర్టే అంది. ఢిల్లీలో ఇంగ్లిష్ పాఠాలు చెప్పిన మన అమలాపురం సాయిబాబా నాగపూర్ అండా సెల్‌లో చక్రాల కుర్చీలో ఉండగా, 2020 ఆగస్టులో తల్లి పోయింది. కడసారి చూపుకు పెరోల్ ఇవ్వలేదు. నిర్దోషి అని 2024 మార్చిలో వదిలారు. అక్టోబరులో చనిపోయాడు. ఏ పాపం కడగాలి ఆయనకి? ఎవరు మునగాలి?

మతబోధ బయటి నుంచి లోపలికి వెళ్తుందని మనం అనుకుంటాం. హర్యానాలో లోపలి నుంచి బయటికొస్తుంది. ఇద్దరు శిష్యురాళ్లపై అత్యాచారం చేసినందుకు 2017లో ఇరవై ఏళ్లు శిక్ష పడ్డ డేరా బాబా 2022లో పెరోల్ మీదొచ్చి ఆన్‌లైన్‌లో సత్సంగం చేశాడు, నాయకులు వరస కట్టారు. 2025 జనవరి 28న ముప్పై రోజుల పెరోల్ మళ్లీ. తొట్టెలో ముంచాల్సిన పెద్దమనిషి ఆ స్నానాల ఉదయం బయటే ఉన్నాడు.

కొత్త నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ కింద, మొదటిసారి కేసులో ఇరుక్కున్న విచారణ ఖైదీ గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపల గడిపితే విడుదలకు అర్హుడు, కొన్ని పెద్ద నేరాలు తప్ప. కోర్టుకు దరఖాస్తు పెట్టాల్సింది జైలు సూపరింటెండెంటే. కాగితం, కలం, ఒక సంతకం. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు వెనకపడి చెప్పాల్సి వచ్చింది. నీళ్ల కోసం మాత్రం ఎవరూ చెప్పకుండానే పరుగెత్తారు.

మనవాళ్లు దిగులుపడక్కర్లేదు. 2027లో గోదావరి పుష్కరాలు. రాజమండ్రి సెంట్రల్ జైలు ఉన్న ఊరే గోదావరి ఒడ్డు, ట్యాంకర్ ఖర్చు కూడా పెద్దగా ఉండదు. ఫైలు ఈపాటికే ఏదో ఒక బల్ల మీద తయారవుతూ ఉంటుంది.